నాన్నగారికి నీళ్ళు తాగితే పొలమారుతోంది: పీఎస్‌పీలో మింగుడు కష్టం గురించి సలహా కావాలి

ప్రశ్న: గుణుపురం, రాయగడ జిల్లా

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి అరవై తొమ్మిదేళ్ళు. ఉపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. మూడేళ్ళ కిందట నడకలో తూలు మొదలై, ఉన్నట్టుండి వెనక్కి పడిపోవడం ఎక్కువైంది. మొదట పార్కిన్సన్స్ అని సిండోపా (లీవోడోపా-కార్బిడోపా) మాత్రలు రాశారు గానీ, వాటితో చెప్పుకోదగిన గుణం కనిపించలేదు. ఈ మధ్య విశాఖపట్నంలో చూపించినప్పుడు, నాన్నగారు తల కదపకుండా కళ్ళు మాత్రమే కిందికి దించలేకపోవడాన్ని న్యూరాలజిస్టు గారు గమనించి, ఇది ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీ, అంటే పీఎస్‌పీ అనే, పార్కిన్సన్స్‌ను పోలిన మెదడు జబ్బు అయివుండవచ్చని చెప్పారు.

ఇప్పుడు మమ్మల్ని అన్నింటికన్నా ఎక్కువగా బాధపెడుతున్నది ఆయన భోజనం. మంచినీళ్ళు తాగితే పొలమారుతుంది. అన్నం బుగ్గన పెట్టుకొని చాలాసేపు అలాగే ఉండిపోతారు. ఒక్కోసారి మాత్రం ముద్ద మీద ముద్ద నోట్లో కుక్కుకుంటారు, ఎంత వారించినా చెయ్యి ఆగదు. భోజనం ముగిసేసరికి గంట దాటుతోంది, మనిషి బాగా చిక్కిపోయారు. కిందటి నెలలో జ్వరం, ఆయాసం వస్తే ఆసుపత్రిలో చేర్చాము. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందన్నారు.

బంధువులు తలొక మాట చెబుతున్నారు. మెత్తగా ఉంటుంది గనుక పఖాళ (నీళ్ళు పోసి నానబెట్టిన అన్నం) పెట్టమని కొందరు, పడుకోబెట్టి చెంచాతో కొద్దికొద్దిగా పోయమని కొందరు, తల వెనక్కి వాల్చి గ్లాసు ఎత్తి పోస్తే నీళ్ళు తేలికగా దిగుతాయని ఇంకొందరు. ఇది జబ్బు వల్ల వచ్చిందా, మాత్రల వల్లనా? ఏ ఆహారం పెట్టాలి? మాత్రలు గొంతులో అడ్డం పడుతున్నాయి గనుక నూరి ఇవ్వవచ్చా? ముక్కు గొట్టం గురించి ఎప్పుడు ఆలోచించాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు 1: స్పీచ్ థెరపిస్టు, విశాఖపట్నం

గుణుపురం వారికి నమస్కారం. నేను పుట్టింది పర్లాకిమిడిలో, పనిచేసేది విశాఖపట్నంలో. మాట తేడాలకే కాక, మింగుడు కష్టాలకు కూడా స్పీచ్ థెరపిస్టు దగ్గరికే రావాలన్న సంగతి చాలామందికి తెలియదు గనుక ముందుగా అది చెబుతున్నాను.

మీ బంధువులు ప్రేమతోనే చెప్పారు, కానీ ఆ మూడు సలహాలూ మీ నాన్నగారికి ప్రమాదం తెచ్చేవే. మొదట పఖాళ సంగతి. అందులోని అన్నం మెత్తగా ఉన్నమాట నిజమే. చిక్కంతా పలచని నీళ్ళూ మెతుకులూ కలిసి ఉండటంతోనే వస్తుంది. మెతుకును నమలాలంటే నోటిలో ఆపుకోవాలి, అదే సమయంలో నీళ్ళు ఆగకుండా గొంతులోకి జారిపోతాయి. ఆరోగ్యంగా ఉన్నవారి నాలుక ఈ రెండింటినీ తమకు తెలియకుండానే సర్దుకుంటుంది. పార్కిన్సన్స్‌లోనూ, దాన్ని పోలిన పీఎస్‌పీ వంటి జబ్బుల్లోనూ నాలుక కదలిక మందగించి, గుటక ఆలస్యంగా మొదలవుతుంది. ఆ ఆలస్యంలో, శ్వాసనాళం ద్వారం ఇంకా మూసుకోకముందే నీళ్ళు అందులోకి దిగుతాయి. చారు ఎక్కువగా పోసి కలిపిన అన్నం, పలచటి మజ్జిగన్నం, పాలలో వేసిన ముఢి (మరమరాలు) ఇవన్నీ ఈ కోవలోవే. పొడి ముఢి మరో విధంగా మంచిది కాదు, నోట్లో చెదిరిపోయి గొంతు మడతల్లో అతుక్కుంటుంది.

ఇక గ్లాసు ఎత్తి గొంతులో పోసుకోవడం. ఎంగిలి కాకూడదని మన ఇళ్ళలో చిన్నప్పటి నుంచీ నేర్పే పద్ధతి అది, నాన్నగారికీ అదే అలవాటై ఉంటుంది. తల వెనక్కి వాల్చగానే శ్వాసనాళం దారి తెరుచుకొని, నీళ్ళు నోటిలో ఆగకుండా నేరుగా వెనక్కి పడతాయి. పీఎస్‌పీలో మెడ కండరాలు బిగిసి తల ఇప్పటికే వెనక్కి లాగబడి ఉండే అవకాశం ఉంది గనుక, ఆయన విషయంలో ఈ పద్ధతిని పూర్తిగా మాన్పించాలి. పడుకోబెట్టి పోయడం కూడా ఇంతే. చేతులున్న కుర్చీలో, నడుము వెనక్కి ఆనించి, పాదాలు నేలకు తగిలేలా నిటారుగా కూర్చోబెట్టండి. నేల మీద పీట వేసుకొని తినడం ఇక వద్దు. తిన్న తరువాత కనీసం అరగంట అలాగే కూర్చోనివ్వండి.

ఆయన కళ్ళు కిందికి తిరగవు కాబట్టి, మామూలు ఎత్తులో పెట్టిన కంచంలో ఏముందో ఆయనకు కనిపించదు. భోజనం బల్ల మీద ఒక పీట వేసి దానిపైన గిన్నె పెడితే చూపుకు అందుతుంది. ముద్ద మీద ముద్ద కుక్కుకోవడం మీ మాట వినకపోవడం కాదు. మెదడు ముందుభాగం ఇచ్చే అదుపు సడలడం వల్ల జరిగేది, పీఎస్‌పీలో తరచుగా కనిపించేది. వారించడం కన్నా, చిన్న గిన్నెలో నాలుగైదు చెంచాలకు సరిపడా మాత్రమే పెట్టి, అది అయ్యాక మళ్ళీ వడ్డించడం పనిచేస్తుంది. పెద్ద చెంచా తీసేసి టీ చెంచా ఇవ్వండి. ఒక చెంచా పెట్టిన తరువాత ఆయన గొంతుముడి పైకి లేచి కిందికి దిగేదాకా చూడండి; అది కదలకపోతే ఆహారం ఇంకా నోటిలోనే ఉందన్నమాట. రెండోసారి ఖాళీ గుటక వేయమని అడిగి, బుగ్గలో ఏమీ మిగల్లేదని చూశాకే తరువాతి చెంచా.

ద్రవాల విషయానికి వస్తే, చాలామందికి కాస్త చిక్కటివి తేలిక. మన వైపు ప్రతి ఇంట్లో కాచే చోడి (రాగి) అంబలి, ఒడియావారు మాండియా జావు అనేది, ఇక్కడ చక్కగా ఉపయోగపడుతుంది. ఉండలు లేకుండా వడకట్టాలి. చిక్కదనం కంటితో చూసి చెప్పడం కష్టం. దానికి అంతర్జాతీయంగా వాడే ఒక తేలిక పరీక్ష ఉంది. సూది లేని 10 మిల్లీలీటర్ల సిరంజి తీసుకోండి. సున్నా గీత నుంచి 10 గీత దాకా పొడవు 61.5 మిల్లీమీటర్లు ఉండే రకమే కావాలి, స్కేలుతో కొలిచి చూడండి. పిడి తీసేసి, మొన దగ్గర వేలు అడ్డుపెట్టి, అంబలిని 10 గీత దాకా నింపి, వేలు తీసి సరిగ్గా 10 సెకన్లు కారనివ్వండి. 1 నుంచి 4 మిల్లీలీటర్లు మిగిలితే కొద్దిపాటి చిక్కదనం, 4 నుంచి 8 మిగిలితే ఓ మాదిరి, 8కి పైన మిగిలితే బాగా చిక్కన. నీళ్ళయితే దాదాపు ఏమీ మిగలవు. ఇచ్చేటప్పుడు ఎంత వేడి మీద ఇస్తారో అంత వేడి మీదనే పరీక్షించాలి, ఎందుకంటే చల్లారేకొద్దీ అంబలి గట్టిపడుతుంది. ఇంకొక మెలకువ కూడా ఉంది. పిండి వల్ల వచ్చిన చిక్కదనాన్ని లాలాజలం విరగ్గొడుతుంది. నోట్లో పెట్టిన చెంచానే మళ్ళీమళ్ళీ గిన్నెలో ముంచుతూ ఉంటే, గిన్నె అడుగుకు వచ్చేసరికి అంబలి పలచబడి పోతుంది. అందువల్ల పెద్ద గిన్నెను పక్కన ఉంచి, చిన్న గిన్నెలోకి వేరే చెంచాతో తీసుకోండి. మందుల దుకాణాల్లో దొరికే, ద్రవాలను చిక్కబరిచే జాంతన్ గమ్ పొడికి ఈ ఇబ్బంది లేదు.

ఏ చిక్కదనం ఆయనకు సరైనదో నేను ఇక్కడ కూర్చొని చెప్పకూడదు, పరీక్ష చేసి నిర్ణయించాలి. గడ్డం ఛాతీ వైపు దించి మింగడం కొందరికి మేలు చేస్తుంది, అందరికీ చేయదు. పార్కిన్సన్స్, మతిమరుపు జబ్బులున్నవారిపై 2008లో వెలువడిన అధ్యయనాల్లో, ఎక్స్‌రే కింద చూసినప్పుడు చిక్కటి ద్రవాలు ఎక్కువగా కాపాడినట్టు కనిపించినా, మూడు నెలల పాటు గమనించినప్పుడు నిమ్ము రావడంలో ఈ రెండు పద్ధతుల మధ్య స్పష్టమైన తేడా తేలలేదు. చిక్కటి ద్రవాలు తాగినవారిలో ఒంట్లో నీరు తగ్గిపోవడం మాత్రం ఎక్కువగా కనిపించింది. కాబట్టి అంబలి మొదలుపెట్టి ఊరుకోకుండా, రోజు మొత్తం మీద ఎంత ద్రవం లోపలికి వెళ్ళిందో, మూత్రం ముదురు రంగులోకి మారుతోందా అన్నది చూసుకుంటూ ఉండాలి.

అన్నింటికన్నా గట్టిగా చెప్పవలసినది ఇది: పొలమారడం తగ్గిందంటే మింగడం బాగుపడిందని నమ్మకండి. ఈ జబ్బుల్లో గొంతు స్పర్శ, దగ్గు వేగం రెండూ తగ్గుతాయి గనుక, ఆహారం ఊపిరితిత్తుల్లోకి దిగుతున్నా దగ్గే రాని రోజు వస్తుంది. పార్కిన్సన్స్ ఉన్నవారిని నోటిమాటగా అడిగితే మూడోవంతు మందే మింగుడు కష్టం ఉందంటారు, పరికరాలతో పరీక్షిస్తే పదిమందిలో ఎనిమిదిమందికి ఏదో ఒక లోపం కనిపిస్తుంది. తాగిన తరువాత గొంతు గురగురలాడటం, తరచుగా జ్వరం, కారణం తెలియకుండా బరువు తగ్గడం, భోజనానికి పట్టే సమయం పెరగడం, వీటిని దగ్గుతో సమానంగా లెక్కించండి.

జవాబు 2: రాయగడ నుంచి ఒక కుమార్తె

అన్నయ్య గారూ, మా అమ్మకు కూడా ఇదే జబ్బు. పై జవాబులో చెప్పినవన్నీ మేము ఇంట్లో పాటిస్తున్నవే గనుక, వాటికి కొన్ని కలుపుతాను.

అమ్మకు గ్లాసుతో తాగేటప్పుడు అంచు ముక్కుకు తగిలి తల వెనక్కి వెళ్ళేది. థెరపిస్టు గారి సలహా మీద ఒక మెత్తని ప్లాస్టిక్ గ్లాసు అంచును ఒకవైపు అర్ధచంద్రాకారంలో కత్తిరించి, గరుకు కాగితంతో నున్నగా రుద్దాము. కత్తిరించిన వైపు ముక్కుకు వస్తుంది, రెండో వైపు నుంచి తాగుతుంది. తల వాల్చకుండానే గ్లాసు అడుగు దాకా తాగగలుగుతోంది.

నోటి శుభ్రత గురించి ఎవరూ అంతగా చెప్పరు. ఎంత జాగ్రత్తపడినా కొంత లాలాజలం ఊపిరితిత్తుల్లోకి దిగుతూనే ఉంటుంది. అందులో క్రిములు ఎంత తక్కువగా ఉంటే నిమ్ము భయం అంత తక్కువని మా డాక్టరు గారు చెప్పారు. అందుకని ప్రతి భోజనం తరువాత మెత్తని బ్రష్షుతో పళ్ళు, నాలుక, బుగ్గల లోపలి వైపు శుభ్రం చేస్తాము. పుక్కిలించమని నీళ్ళు ఇవ్వము, తడి గుడ్డతో తుడుస్తాము. కట్టుడు పళ్ళు ఉంటే రాత్రిపూట తప్పకుండా తీసివేయండి.

భోజనం పెట్టేటప్పుడు టీవీ కట్టేసి, ఆయనతో మాట్లాడకుండా ఉండండి. మాటకు జవాబు చెప్పాలని ప్రయత్నించినప్పుడే అమ్మకు ఎక్కువగా పొలమారేది. రాయగడలో మా ఇంటికి చుట్టాల రాకపోకలు ఎక్కువ. పలకరింపులన్నీ భోజనం అయ్యాకేనని అందరికీ చెప్పి ఉంచాము. మొదట్లో నొచ్చుకున్నవారు కూడా ఇప్పుడు అర్థం చేసుకున్నారు.

గొట్టం గురించి మీరు అడిగారు. మాట పూర్తిగా పోకముందే నాన్నగారినే అడగండి. మేము అమ్మను అడిగినప్పుడు ఆమె చాలాసేపు ఆలోచించి, ముక్కులో గొట్టం వద్దని, నోటికి రుచి తగులుతున్నంత కాలం చెంచాతోనే పెట్టమని, బొటనవేలు కదిపి, తల ఊపి స్పష్టంగా చెప్పింది. ఆమె నిర్ణయం కాగితం మీద రాసి డాక్టరు గారికి కూడా ఇచ్చాము. మీ నాన్నగారి మనసు వేరేగా ఉండవచ్చు, అదీ సరైనదే. ఆయన చెప్పగలిగిన స్థితిలో ఉండగానే ఆ మాట బయటికి రావాలన్నదే నా కోరిక.

జవాబు 3: వైద్యుడు, కోరాపుట్ జిల్లా

ఇది జబ్బు వల్లనే వచ్చిన కష్టం, మాత్రల వల్ల కాదు. 1817లో జేమ్స్ పార్కిన్సన్ తన పేరుతో పిలిచే పార్కిన్సన్స్ జబ్బును మొదటిసారి వివరంగా రాసినప్పుడే, రోగులు ఆహారాన్ని నోటిలో నిలుపుకోవడానికీ మింగడానికీ పడే కష్టాన్ని, నోటి నుంచి లాలాజలం కారడాన్ని నమోదు చేశారు. లాలాజలం ఎక్కువగా ఊరడం వల్ల కాదు, ఊరినదాన్ని మింగకపోవడం వల్ల అది కారుతుంది. పీఎస్‌పీని వేరే జబ్బుగా గుర్తించింది 1964లో. మామూలు పార్కిన్సన్స్‌లో మింగుడు కష్టం బయటపడటానికి సాధారణంగా చాలా ఏళ్ళు పడుతుంది. పీఎస్‌పీలోనూ, పార్కిన్సన్స్‌ను పోలిన మరో జబ్బు అయిన మల్టిపుల్ సిస్టమ్ అట్రోఫీలోనూ ఎంతో ముందుగా వస్తుంది. మీ నాన్నగారికి మూడేళ్ళలోనే రావడం న్యూరాలజిస్టు గారి అనుమానానికి సరిపోయేదిగానే ఉంది.

అయితే మందుల్లో జాగ్రత్తపడవలసిన వైపు ఒకటి ఉంది. వాంతులకు ఇచ్చే మెటాక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరాజిన్, ఆందోళనగా ఉన్నప్పుడు ఇచ్చే హాలోపెరిడాల్, తల తిరుగుడుకు మన ఊళ్ళలో విరివిగా రాసే సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్, ఇవి మెదడులో కదలికను నడిపే డోపమైన్ అనే రసాయనం పనిని అడ్డగించి, కదలికతో పాటు మింగడాన్ని కూడా ఇంకా దిగజార్చగలవు. తూలి పడుతున్నవారికి తల తిరుగుడు మాత్ర రాయడం సులభంగా జరిగిపోతుంది. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఈ పేర్లు రాసిన చీటీని ముందుగా చూపించండి.

మాత్రలు నూరడం గురించి: మామూలు లీవోడోపా-కార్బిడోపా మాత్రను పొడి చేసి, మెత్తగా మెదిపిన అరటిపండు గుజ్జులో కలిపి ఇవ్వవచ్చు. పేరు చివర సీఆర్ అని ఉన్నది నెమ్మదిగా విడుదలయ్యే రకం; దాన్ని నూరితే మందంతా ఒక్కసారిగా ఒంట్లో చేరుతుంది గనుక ఎట్టి పరిస్థితిలోనూ నూరకూడదు, వేరే రకానికి మార్చమని అడగాలి. పెరుగులోనో పప్పులోనో కలపవద్దు, మాంసకృత్తులు ఈ మందు ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. భోజనానికి అరగంట ముందు ఇస్తే, పనిచేసే వారికి తినే సమయానికి కదలిక కాస్త తేలికపడుతుంది. పీఎస్‌పీలో ఈ మందు ఇచ్చే మేలు తక్కువే, కొందరికి కొంతకాలమే. అయినా గుణం లేదని ఇంట్లో మీకు మీరే ఒక్కసారిగా ఆపేయకండి. అలా ఆపితే తీవ్రమైన జ్వరం, కండరాల బిగుతు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. న్యూరాలజిస్టు చెప్పిన క్రమంలోనే తగ్గించాలి.

ముక్కు నుంచి వేసే గొట్టం కొద్ది వారాలకు ఉద్దేశించినది. దీర్ఘకాలం అవసరమైతే పొట్ట మీద చిన్న రంధ్రం ద్వారా నేరుగా కడుపులోకి పెట్టే గొట్టం మేలు. పోషణకూ, మందులు ఇవ్వడానికీ రెండూ ఉపయోగపడతాయి, కానీ లాలాజలం ఊపిరితిత్తుల్లోకి దిగడాన్ని ఏ గొట్టమూ ఆపదు. గొట్టం వేశారు గనుక ఇక నిమ్ము రాదన్న ఆశతో నిర్ణయం తీసుకోకూడదు. పైన రాయగడ సోదరి రాసినది అందుకే చాలా విలువైన మాట.

నిమ్ము మళ్ళీ వస్తే పెద్దవయసు వారిలో జ్వరం పెద్దగా ఉండకపోవచ్చు. ఊపిరి వేగం పెరగడం, హఠాత్తుగా మగతగా లేదా అయోమయంగా మారడం, తిండి పూర్తిగా మానేయడం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

గుణుపురం నుంచి

అందరికీ కృతజ్ఞతలు. ఈరోజు నుంచి పఖాళ మానేసి, కుర్చీలో కూర్చోబెట్టి, చిన్న గిన్నెతో పెడుతున్నాము. రెండు సందేహాలు మిగిలాయి. నిజంగా గొంతుకు అడ్డం పడితే ఆ క్షణంలో ఏం చేయాలి? మా ఇంట్లో పొలమారగానే నడినెత్తిన తట్టి, ఎవరో తలచుకుంటున్నారని నీళ్ళు పట్టడమే తెలుసు. అలాగే, పరీక్షకు విశాఖపట్నం వస్తే ఏం చేస్తారు?

జవాబు: స్పీచ్ థెరపిస్టు, విశాఖపట్నం

ఆయన దగ్గగలుగుతుంటే దగ్గనివ్వండి, ముందుకు వంగమనండి, అంతే. నీళ్ళు పట్టవద్దు, నెత్తి మీద తట్టవద్దు. దగ్గలేక, మాట రాక, ఊపిరి ఆడక ముఖం రంగు మారుతుంటే, పక్కన నిలబడి ఒక చేత్తో ఛాతీని ఆపి ముందుకు వంచి, రెండో అరచేతి మడమతో భుజాల మధ్య గట్టిగా ఐదుసార్లు కొట్టండి. అడ్డు పోకపోతే వెనక నిలబడి, బొడ్డుకు కాస్త పైన పిడికిలి ఉంచి, రెండో చేత్తో దాన్ని పట్టుకొని, లోపలికీ పైకీ ఐదుసార్లు బలంగా నొక్కండి. అడ్డు పోయేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేయాలి, మరొకరు 108కి ఫోన్ చేయాలి. స్పృహ తప్పితే నేల మీద పడుకోబెట్టి ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. నోట్లో కనపడని దానికోసం వేలు పెట్టి వెతకకండి, అది ఇంకా లోపలికి వెళుతుంది. ఇంట్లో కనీసం ఇద్దరు దీన్ని దగ్గరి ఆరోగ్య కేంద్రంలో చేసి చూపించుకొని నేర్చుకోవాలి.

పరీక్షలు రెండు రకాలు. ఒకటి, ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపించే బేరియం కలిపిన ద్రవాలు, మెత్తని ఆహారం మింగిస్తూ ఎక్స్‌రే చిత్రాలను వీడియోగా తీయడం. రెండోది, ముక్కు ద్వారా సన్నని కెమెరా గొట్టం గొంతు పైభాగం దాకా పంపి, ఆయన తింటుండగా నేరుగా చూడటం. ఏది అందుబాటులో ఉందో ముందే ఫోనులో కనుక్కొని బయలుదేరండి. పార్కిన్సన్స్ వారికి, బిగువున్న చిన్న పరికరంలోకి బలంగా ఊదించే సాధన వల్ల మింగుడు భద్రత మెరుగుపడ్డట్టు 2010 నాటి పరిశోధనలో తేలింది. మీ నాన్నగారు సూచనలు ఎంతవరకు పాటించగలరో చూశాక, అది ఆయనకు పనికివస్తుందో లేదో చెప్పగలుగుతాము.

గుణుపురం నుంచి ప్రయాణం ఆయనకు అలసట కలిగిస్తుంది గనుక ముందురోజే వచ్చి విశ్రాంతి తీసుకొని, మాత్ర వేసుకున్న తరువాతి సమయానికి పరీక్ష పెట్టించుకోండి. మందుల చీటీలన్నీ, నిమ్ము వచ్చినప్పటి ఎక్స్‌రే, గత కొన్ని నెలల బరువు వివరాలు తీసుకురండి. ఆయన రోజూ వాడే గ్లాసు, చెంచా, ఇంట్లో కాచిన అంబలి కూడా వెంట ఉంచుకోండి. వాటితో చూస్తేనే మీ వంటింటికి పనికివచ్చే సలహా ఇవ్వగలుగుతాము.